నోటి మీద చెయ్యి

ప్రశ్నలు అడిగింది మహాలక్ష్మిని. జవాబులు చెప్పింది వాళ్లమ్మ కామమ్మ.

"నీకీ పని చెయ్యడం ఇష్టమేనా?" అని ఆనందకుమారి నోటితో ఒకసారి, చేతులతో ఒకసారి అడిగింది. ఆమె నెల్లూరులో చెవిటి పిల్లలకు సైగల భాష నేర్పే టీచరు. నాయుడుపేట దగ్గర హైవే పక్కనున్న ఈ రొయ్యల కంపెనీ వాళ్లు వికలాంగులకు కొన్ని ఉద్యోగాలు ఇద్దామనుకుని ఆమెను సాయానికి పిలిపించుకున్నారు.

"ఇష్టమే మేడం. ఇష్టం లేకుంటే ఇంత దూరం ఎందుకొస్తాది?" అంది కామమ్మ.

"చలిలో ఎనిమిది గంటలు నిలబడాలి. నిలబడగలవా?"

"నిలబడతాది. సముద్రం కాడ పుట్టిన పిల్లకి చలేంది మేడం?"

"ఇంటి దగ్గర ఏం పని చేస్తావు?"

"నాతో బజారుకొస్తాది. నేను చేపలమ్మతా, అది కోసిస్తాది. దాని చెయ్యి పడిందంటే ఒక్క పొలుసు మిగల్దు."

మహాలక్ష్మికి ఇరవై రెండేళ్లు. పుట్టుకతోనే చెవుడు, దాంతో మాట కూడా రాలేదు. ఊళ్లో బడికి రెండేళ్లు పంపారు. చివరి వరసలో కూచుని ముందున్న పిల్లల జడలు చూసి వచ్చేది. టీచరు చేతుల్ని ఇప్పుడు ఆమె గారడీవాడి చేతుల్ని చూసినట్టు కళ్లు విప్పార్చుకుని చూస్తోంది. ఆ వేళ్ల తిప్పుడు ఆమెకు బ్రహ్మాండంగా నచ్చింది. అర్థం మాత్రం ఒక్క ముక్క కాలేదు.

బల్లకు అటువైపు కూచున్న ఆఫీసు మేనేజరు నరేంద్రబాబు చేతిలో ఒక ఫారం ఉంది. "మేడం, భాష అని ఒక గడి ఉంది. ఏం రాయమంటారు?"

"నా సైగలు తనకి రావడం లేదండీ. ఎక్కడా నేర్పలేదు."

"భాష రాదు," అని పైకి అనుకుంటూ నరేంద్రబాబు రాసేశాడు.

కామమ్మకు ఒళ్లు మండింది. "రాకేం సార్? పొద్దస్తమానం నేనూ అదీ మాట్లాడుకుంటానే ఉంటాం గదా! చూడండి." మీసం మెలేసినట్టు చేసి, "ఇది వాళ్ల నాయన," అంది. అయిదు వేళ్లూ పైకెత్తి కుతకుతలాడించి, "ఇది అన్నం," అంది. రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని, "ఇది కరెంటు పోవడం. పోలేరమ్మ తిరణాలకు ఉండాది, పోలీసోళ్లకు ఉండాది, మా ఆడబిడ్డకు గూడా ఒకటుండాది, అదిప్పుడు చేసి చూపించకూడదు," అంది.

నరేంద్రబాబు నవ్వాడు. రాసింది మాత్రం కొట్టెయ్యలేదు.

అంతలో మహాలక్ష్మి గోడ మీది క్యాలెండరు చూసింది. దాని మీద అచ్చం వాళ్ల నాయన పడవ రంగే ఉన్న పడవ బొమ్మ ఉంది. చూడగానే లేచి నిలబడి, వేలు చూపిస్తూ గట్టిగా అరిచింది. లోతుగా, బొంగురుగా, ఎక్కడ పైకి లేస్తుందో ఎక్కడ కిందికి దిగుతుందో తెలియని గొంతు అది. బయట నడుస్తున్న అటెండరు తలుపు తోసి లోపలికి తొంగి చూశాడు.

కామమ్మ అరచెయ్యి దానంతటది వెళ్లి తన నోటి మీద పడింది. మహాలక్ష్మి ఠక్కున ఆగి, కూచుని, ఒళ్లోకి చూసుకుంది.

"అదేం సైగమ్మా?" అంది ఆనందకుమారి.

"అరవొద్దని మేడం. దాని గొంతు నలుగుర్లో బాగుండదు. చిన్నప్పుడే నేర్పించినా. ఎంత కూతలో ఉన్నా నా చెయ్యి చూస్తే ఆగిపోతాది," అంది కామమ్మ కొంచెం గర్వంగానే.

ఆనందకుమారి చేతులు ముడుచుకుని కూచుని అంది: "మూడు రోజులు పనిలో పెట్టి చూస్తారమ్మా. మంగళ, బుధ, గురువారాలు. నేనూ రోజూ వచ్చి పోతుంటాను. పొద్దున బస్సు మీ జాలర్ల కుప్పం దగ్గరికే వస్తుంది. కానీ మీరు వెంట రాకూడదు."

"నేను రాకుంటే దాని మాట ఎవురు చెప్తారు?"

"అదే చూద్దామమ్మా."

ఏం చూడాలో కామమ్మకు తెలియలేదు. దారి పొడుగునా ఆటోలో అదే ఆలోచించింది. పిల్ల బాగుపడాలనే ఇంత దూరం తీసుకొచ్చింది. తను లేకపోతే చెయ్యి ఎవరు ఊపాలో, ఊపితే ఎవరు చూడాలో మాత్రం ఆమె ఊహకు అందలేదు.

*

మంగళవారం పొద్దున కామమ్మ కూతురికి కొత్త మట్టిగాజులు తొడిగింది, చెయ్యికి ఆరేసి. తలలో కనకాంబరాలు పెట్టింది. నుదుట ఎర్రబొట్టు పెట్టి, దిష్టి తగలకుండా బుగ్గ కింద ఇంకో చుక్క పెట్టింది. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాక చేపల గంప ఎత్తుకుని ఒక్కతే బజారుకు పోయింది.

ఆ రోజు బేరం ముందుకు సాగలేదు. చేపలు బాగానే ఉన్నాయి. మనిషే బాగాలేదు. ఎవరో మాగచేప ఏరుకుని ముక్కలు కొట్టమంటే, కామమ్మ చెయ్యి అలవాటుగా పక్కకు తిరిగి, చిన్న ముక్కలని గాలిలో రెండు వేళ్లతో కొలత చూపించింది. పక్కన కత్తిపీట ఉంది. దాని ముందు ఎవరూ లేరు. కొనేవాడు వింతగా చూశాడు. కామమ్మ చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని తనే కోయడానికి కూచుంది. కూతురు ఉద్యోగానికి పోతే తనకు కోసిచ్చే మనిషి ఉండదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఛీ, పిల్ల బతుకు ముందర ఇదొక లెక్కా, అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకున్నా ఆ మాట బుర్రలోంచి పోలేదు.

సాయంత్రం కూతురు బస్సు దిగింది. చేతులు బోడిగా ఉన్నాయి. నుదుట బొట్టు లేదు, తలలో పూలు లేవు. గాజులు ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి చేతికిచ్చినట్టున్నారు, అవి గలగలమంటున్నాయి. వేళ్ల కొసలు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఒంటి నుంచి మునిసిపాలిటీ కొళాయి నీళ్లలో వచ్చే మందు వాసన వస్తోంది.

కామమ్మ ఆ బోడి మణికట్టు పట్టుకుని, ఏమయిందని గడ్డం ఎగరేసింది.

మహాలక్ష్మి హైవే ఉన్న వైపు వేలు చూపించింది. అరచెయ్యి తీసి నోటి మీద గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత ఆ చేతినే ఈ చివర నుంచి ఆ చివరకు బారుగా తిప్పింది. అందరూ, అని. మళ్లీ నోరు మూసుకుంది.

ఇందులో అర్థం కానిదేముంది? ఆ సైగ నేర్పింది కామమ్మే. అక్కడ అందరూ నోరు ముయ్యమన్నారు. ఒకరు కాదు, అందరూ!

"గాజులు తీయించి, బొట్టు చెరిపించి, నోరు ముయ్యమన్నారంట," అంది కామమ్మ ఇంట్లోకి రాగానే, ఏడుపు గొంతుతో.

ఆమె మొగుడు ముత్యాలయ్య గుమ్మంలో కూచుని తెగిన వల కంతలు కడుతున్నాడు. పగలంతా పడవ ఇంజను పక్కన ఉండే మనిషి. ఇంటికొచ్చాక మాట్లాడమంటే బద్ధకం. అతను తల ఎత్తి, కూతురు పళ్లెం ముందు కూచున్న తీరును కాసేపు చూశాడు.

"ఏమ్మే, దాని మొకం జూడు. రెండో తూరి పెట్టించుకుంటా ఉండాది. తిట్లు తిన్న పిల్ల అన్నం అట్ట తింటాదా?"

"ఆకలైతే తినదా? నీకేం తెలుసయ్యా, దాని మాట నాకు తెలిసినంత?"

"తెలవదులే," అని ముత్యాలయ్య మళ్లీ కంత వెతుక్కున్నాడు.

బుధవారం కామమ్మ గాజులు తొడగలేదు. పొద్దున్నే మాన్పించేద్దామనుకుంది. ఇంకొక్క రోజు చూద్దామనుకుంది. ఈ రెండు అనుకోవడాల మధ్య బస్సు వచ్చింది, పిల్ల ఎక్కింది, పోయింది.

ఆ సాయంత్రం పక్కింటి పేరమ్మ వచ్చి అరుగు మీద కూచుంది. కుప్పంలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగల మనిషి. "ఏం కామమ్మా, పిల్ల కంపెనీలో ఎట్ట చేస్తా ఉంది? ఆడోళ్లు బాగా చూసుకుంటా ఉండారా?"

"ఏం చూసుకోవడంలే వదినా, నిన్న..." అని కామమ్మ మొదలుపెట్టింది.

మహాలక్ష్మికి వినపడదు. కానీ తన గురించి మాట్లాడేటప్పుడు వాళ్లమ్మ ముఖం ఎలా మారుతుందో ఆమెకు బాగా తెలుసు. గబుక్కున లేచి వచ్చి, తన అరచెయ్యి తెచ్చి కామమ్మ నోటి మీద పెట్టి నొక్కింది. తన నోటి మీద కాదు, అమ్మ నోటి మీద.

పేరమ్మ నోరు తెరిచింది. మందు వాసన కొడుతున్న ఆ చల్లని అరచేతి వెనక కామమ్మ కూడా మాటలేక కూచుండిపోయింది. ఇంతవరకు కూతురు ఎప్పుడూ అలా చెయ్యలేదు.

బయట చెప్పొద్దంటోంది, అనుకుంది కామమ్మ. పేరమ్మకు చెప్పొద్దు, ఎవరికీ చెప్పొద్దు. చెప్పకూడనిది ఏదో జరిగింది. ఆ మాట తట్టగానే కూతురి ముఖంలోకి, మెడ మీదికి, జబ్బల మీదికి చూసింది. గీత కూడా లేదు. అడుగుదామంటే ఇలాంటి సంగతి అడగడానికి వాళ్లిద్దరి మధ్య ఒక్క సైగ కూడా లేదు. ఇరవై రెండేళ్లలో అన్నానికీ, కరెంటుకీ, ఆడబిడ్డకీ సైగ కనిపెట్టుకున్నారు. "నిన్ను ఎవరైనా ఏమైనా చేశారా" అనేదానికి కనిపెట్టుకోలేదు. అవసరం రాదనుకుంది. ఎప్పుడూ తను పక్కనే ఉంటుంది గదా మరి.

*

గురువారం పొద్దున బస్సు హారను మోగినప్పుడు కామమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది, పోవద్దని తల అడ్డంగా ఊపుతూ. మహాలక్ష్మి చెయ్యి లాక్కుంది. లాక్కుని, వెనక్కి చూడకుండా పరిగెత్తి బస్సెక్కింది. కామమ్మ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది. గంప మీద గోతం కప్పి, జుట్టు ముడి వేసుకుని, షేర్ ఆటో కోసం రోడ్డెక్కింది.

కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. కామమ్మ గొంతెత్తింది. ఆ గొంతుతోనే ఆమె ముప్ఫై ఏళ్లుగా బజారులో చేపలమ్మింది. అయిదు నిమిషాల్లో నరేంద్రబాబు తనే బయటికొచ్చి ఆఫీసులోకి పిలుచుకుపోయాడు.

"మా పిల్ల పేరు కొట్టేయండి సార్. అది రాదు."

"ఎందుకమ్మా? ఏమైంది?"

"ఏమైందో మీకే తెలియాల! గాజులు తీయించినారు. బొట్టు చెరిపించినారు. అందురూ కలిసి నోరు ముయ్యమన్నారు. బయట చెప్పొద్దన్నారు. నోరు లేని పిల్లని నోరు ముయ్యమనడానికి మీకు నోరెట్టొచ్చింది సార్?"

నరేంద్రబాబు బిత్తరపోయాడు. "ఎవరన్నారమ్మా? పేరు చెప్పండి, ఇప్పుడే పిలిపిస్తాను."

"అందురూ అన్నారంట!"

"అందరూ అంటే... రెండు వందల మందమ్మా లోపల."

"రెండొందల మందీ!"

అతను పాపం రెండు మూడు రకాలుగా అడిగాడు. అన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది. చివరికి నిట్టూర్చి ఒక తెల్లకాగితం తీసి, మా అమ్మాయికి ఇష్టం లేనందువల్ల పనిలోంచి మాన్పించుకుంటున్నాము అని రాసి ముందుకు తోశాడు. కామమ్మ ఒక్కో అక్షరం పేర్చుకుంటూ సంతకం చేసింది. ఈ ఉద్యోగం కోసం తను ఎన్ని ఆఫీసుల్లో సంతకాలు పెట్టిందో ఆ చేతికి తెలుసు.

"పిల్లని పిలిపిస్తారా?"

"పనిలో ఉంది. మీరే వెళ్లి తెచ్చుకోండమ్మా. లోపల ఏముందో మీ కళ్లతో చూసినట్టూ ఉంటుంది," అని అతను ఫోను చేశాడు.

హాలు సూపర్‌వైజరు వాణి వచ్చింది. చిల్లకూరు పిల్ల, ముప్ఫై ఏళ్లుంటాయి. తెల్లకోటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. "రా అక్కా," అని ఒక చిన్న గదిలోకి తీసుకుపోయింది. కాళ్లకు బూట్లు తొడిగించి, తలకు టోపీ పెట్టి వెంట్రుకలన్నీ లోపలికి తోసింది. బొట్టుబిళ్ల తీసెయ్యమంది. గాజులు చూసి, "ఇవి గూడా తియ్యాలక్కా," అంది.

"పసుపు కుంకాలతో ఉండేదాన్ని. నేను తియ్యను."

"అయితే లోపలికి పోకుండా గుమ్మం కాడే నిలబడు. గాజు పెంకు ఒక్కటి రొయ్యల్లో పడిందంటే లోడు లోడంతా వెనక్కి పంపిస్తారు. నేనూ తీసేసే వస్తా, చూడు." వాణి తన చేతులు చూపించింది. బోడి చేతులే. మెడలో మాత్రం పసుపుతాడు కోటు లోపల కనిపించింది.

కామమ్మకు తను ఇంతసేపూ అరిచిన వాటిలో ఒకటి చేతిలోంచి జారిపోయినట్టయింది.

"ఇంకిది కట్టుకో," అని వాణి ఒక తెల్లగుడ్డ తీసి ఆమె ముక్కూ నోరూ మూసి, తాళ్లు చెవులకు తగిలించింది.

తలుపు తెరవగానే ముందు చలి, ఆ వెనకే హోరు. పైకప్పు మీంచి గాలి మిషన్లు, పక్కన ఐసు నలిపే మిషను, బెల్టుల చప్పుడు, నేల మీద నీళ్ల చప్పుడు. మందు కలిపిన నీళ్ల మడుగులో బూట్లు ముంచి గుమ్మంలో నిలబడి కామమ్మ లోపలికి చూసింది. పొడుగాటి స్టీలు బల్లలు. వాటికి అటూ ఇటూ తెల్లకోట్లు, తెల్లటోపీలు, నీలం చేతి తొడుగులు. ప్రతి ముఖానికీ కళ్ల కింద నుంచి గుడ్డ.

రెండు వందల మందిలో తన కూతురు ఎవరో కామమ్మకు తెలియలేదు.

ఆమెకు భయం వేసింది. తిరణాలలో కూడా ఈ పిల్లను ఒక్క క్షణం చెయ్యి వదల్లేదు తను. "నా పిల్ల యాడ?" అని వాణిని అడిగింది. గుడ్డ వెనక, హోరులో, ఆ మాట తనకే వినపడలేదు. గట్టిగా అరిచింది. బజారు మొత్తాన్నీ లేపే ఆ గొంతు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. వాణి చెవి మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపింది.

ఇక కామమ్మ చేతులకు పని చెప్పింది. ఎడమబుగ్గ మీద వేలు పెట్టి తిప్పింది, సొట్టబుగ్గ పిల్ల అని. ఇంట్లో మహాలక్ష్మి పేరు అదే. కానీ ఇక్కడ బుగ్గలు ఎవరికి కనిపిస్తున్నాయి? వాణి అర్థం కానట్టు చూసి, ఆ తర్వాత ఏదో తట్టి, చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు కత్తెరలా టకటకా ఆడించింది. నాలుగు బల్లల అవతల ఒకామె అది చూసి, పక్కామె భుజం తట్టి, అదే సైగ చేసింది. ఆ పక్కామె ఇంకొకరిని తట్టింది. అలా ఆ రెండు వేళ్లు బల్ల పొడుగునా ప్రయాణం చేసి, చివర గోడకు వీపు పెట్టి తలుపుకు ఎదురుగా నిలబడ్డ ఒక తెల్లకోటు దగ్గర ఆగాయి.

అదీ మహాలక్ష్మి. ఆమెకు ఇక్కడ ఇంకో పేరుంది. కామమ్మ పెట్టని పేరు.

పిలుపు అందినా ఆమె చేతిలో రొయ్య అయ్యేదాకా తల ఎత్తలేదు. తల తీసి, పొట్టు ఒలిచి, వెన్ను మీద గీసి నల్లనరం లాగి పడేసింది. మూడు కదలికలు. ఎదురుగా ఉన్నామె పిడికిలి పైకెత్తింది. ఎక్కడి నుంచో ఖాళీ ట్రే వచ్చింది. ఇంకొకామె అరచేతిలో వేళ్లు చిలకరించినట్టు చేసింది. ఐసు వచ్చింది. ఒకరితో ఒకరు ఎవరూ నోటితో మాట్లాడటం లేదు. మాట్లాడితే వినపడదు గనక, అందరూ చేతులతోనే చెప్పుకుంటున్నారు. ఎదురామె మహాలక్ష్మికి ఏదో చూపించింది, నడుం మీద చెయ్యి పెట్టుకుని బుర్ర ఎగరేసి, ఎవరో పెద్దాఫీసరు నడకలాగా. మహాలక్ష్మి భుజాలు ఊగిపోయాయి. ముఖం మీది గుడ్డ బుసబుసా పొంగుతూ, లోపలికి పీల్చుకుంటూ ఉంది.

పిల్ల నవ్వుతోంది. గొంతెత్తి, తను ఇరవై ఏళ్లు చేత్తో మూయించిన ఆ గొంతెత్తి, పడీ పడీ నవ్వుతోంది. పక్కనున్నవాళ్లు ఎవరూ తిరిగి చూడటం లేదు. అక్కడ ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు.

కామమ్మకు కలిగింది సంతోషమో సిగ్గో ఆమెకే తేలలేదు.

అప్పుడు తల ఎత్తింది మహాలక్ష్మి. గుమ్మంలో వాళ్లమ్మ కళ్లు చూసింది. తన కళ్లలో నవ్వు ఆగిపోయింది. మొన్నటి సైగే మళ్లీ చేసింది, మెల్లగా, తెలివి తక్కువ వాళ్లకు చెప్పినట్టు. నీలం తొడుగున్న చెయ్యి తీసి నోటి మీది గుడ్డ మీద పెట్టుకుంది. ఆ చేతినే హాలంతా బారుగా తిప్పింది.

అందరికీ నోటి మీద చెయ్యే. ఇక్కడ అందరూ నాలాగే.

ఎవరూ ఆమెను నోరు ముయ్యమనలేదు. ఈ లోకంలో ఆమెను నోరు ముయ్యమన్న మనిషి ఒక్కతే. ఆ మనిషి ఇప్పుడు గుమ్మంలో మూతికి గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది. నిన్న సాయంత్రం తన నోటి మీద పడ్డ చెయ్యి కూడా కామమ్మకు గుర్తొచ్చింది. బయట చెప్పొద్దని కాదు అది. నా మాట నువ్వు చెప్పొద్దని.

*

బయటికొచ్చి కామమ్మ గుడ్డ విప్పింది.

"మొదటి రోజు నాకే భయమైందక్కా," అంది వాణి చేతులు తుడుచుకుంటూ. "వెనక నుంచి ఐసుబండి వస్తే దానికి వినపడలా. రవంతలో తప్పింది. అందుకే గోడకి వీపు పెట్టించి తలుపు కనపడేట్టు నిలబెట్టినా. సైగలంటావా, కొత్తగా వచ్చినోళ్లకి నెల పడతాది మా చేతులు అర్థం కావడానికి. మీ పిల్లకి మధ్యాన్నం దాకా కూడా పట్టలా. ఎందుకు మానిపిస్తా ఉండావు?"

"నాకు తెలీలేదమ్మా," అంది కామమ్మ. "నాకు తప్పుగా తెలిసింది."

ఆఫీసులో నరేంద్రబాబు బల్ల మీద ఆ కాగితం అలాగే ఉంది. ఆనందకుమారి అప్పుడే వచ్చి, అది చదివి, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. కామమ్మ వెళ్తూనే, "అది చించేయండి సార్. మా పిల్లకి ఇష్టమే. పనికి వస్తాది. బ్రహ్మాండంగా ఇష్టమే," అంది.

నరేంద్రబాబు తల పట్టుకున్నాడు. "గంట కింద మీరే ఇష్టం లేదని సంతకం పెట్టారమ్మా. ఇప్పుడు మీరే ఇష్టమంటున్నారు. నేను ఏది నమ్మేది?"

"రెండూ నమ్మొద్దు," అంది ఆనందకుమారి. "తనకి ఇరవై రెండేళ్లు. అసలు ఈ సంతకం ఎవరు పెట్టాల్సింది, ఎవరు పెట్టారు? తననే అడుగుదాం."

మహాలక్ష్మి బూట్లు విడిచి, టోపీ గుర్తులు నుదుటి మీద పడి, భయం భయంగా వచ్చింది. కాగితాన్ని చూసింది. దాని మీద అమ్మ చేత్తో రాసిన అమ్మ పేరును చూసింది. పిల్లకి అది చదవడం వచ్చో రాదో కామమ్మకు ఎప్పుడూ తెలియలేదు. వాణి ముందుకొచ్చి, హాలు ఉన్నవైపు చూపించి, ఆమెను చూపించి, అరచెయ్యి పైకి తిప్పి అడిగింది. వస్తావా, రావా?

మహాలక్ష్మి అలవాటుగా వాళ్లమ్మ వైపు తిరిగి చూసింది. జవాబు ఎప్పుడూ అక్కడి నుంచే వస్తుంది. గదిలో అందరూ కామమ్మనే చూశారు.

కామమ్మ నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. వస్తాది సార్, అంటే అయిపోతుంది. ఆ మాటను ఆపుకోవడానికి ఆమె చెయ్యి లేచి తన నోటి మీద పడింది.

మహాలక్ష్మి ముఖం వాడిపోయింది. సైగ అందింది ఆమెకు. తల దించుకుని కాళ్ల వేళ్లు చూసుకుంటూ నిలబడింది.

అయ్యో, అనుకుంది కామమ్మ. నేను మూసుకున్నానే తల్లీ, నిన్ను ముయ్యమనలేదే! ఇరవై ఏళ్లుగా ఈ చెయ్యికి ఒకటే అర్థం. ఇప్పుడు దీన్ని ఎలా తిప్పి చెప్పాలి? దీనికి వాళ్ల దగ్గర సైగ లేదు. నోటి మీంచి చెయ్యి తీసేసింది. మళ్లీ పెట్టబోయి ఆగింది. ముందుకు వెళ్లి కూతురి కుడిచెయ్యి పట్టుకుని, నీళ్లకు నాని చల్లగా ముడతలు పడ్డ ఆ అరచేతిని తెచ్చి తన నోటి మీద తనే నొక్కుకుంది. నిన్న సాయంత్రం పిల్ల పెట్టినట్టే.

మహాలక్ష్మి తల ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. ఆ చెయ్యి కింద అమ్మ పెదాలు కదలడం లేదని నమ్మకం కుదిరేదాకా చూసింది.

ఎడమచెయ్యి ఒక్కటే మొదట మాట్లాడింది. హాలువైపు చూపించి, రేపటికి గుర్తుగా పొద్దు పొడిచినట్టు వేలు పైకి లేపింది. ఆ తర్వాత ఒక చెయ్యి చాలలేదు. కుడిచెయ్యి కూడా అమ్మ నోటి మీంచి తీసుకుని, ట్రేలనీ, బల్లలనీ, చిన్నవీ పెద్దవీ ఏరి వేరు చెయ్యడాన్నీ గాలిలో గబగబా చెప్పుకుపోయింది. చేతులతోబాటు గొంతు కూడా లేచింది. మిషన్లు లేని ఆ చిన్న గదిలో అది గోడలకు తగిలి మోగింది. అటెండరు మళ్లీ తలుపు తోసి చూశాడు.

"ఏమంటోందమ్మా?" అన్నాడు నరేంద్రబాబు అలవాటుగా కామమ్మతో.

కామమ్మకు సగం సైగలు తెలియనే తెలియవు. ఈ మూడు రోజుల్లో పుట్టినవి అవి.

"వస్తాదంట సార్," అంది వాణి నవ్వుతూ. "కానీ ఒలిచే బల్ల కాదంట. సైజులు ఏరే బల్ల కాడ నిలబెట్టమంటా ఉండాది. ఆడ పని తనకి బాగా వచ్చంట."

"మూడు రోజులకేనా?" అని నరేంద్రబాబు కూడా నవ్వేశాడు. సంతకం ఉన్న కాగితాన్ని అడ్డంగా చింపి బల్ల కింది బుట్టలో వేశాడు. "నెల అయ్యాక చూద్దామని చెప్పు."

వాణి చెప్పింది. మహాలక్ష్మి ఒప్పుకోలేదు. నెల ఎందుకో చెప్పమని గొంతెత్తి, చేతులెత్తి బేరానికి దిగింది, అచ్చం బజారులో వాళ్లమ్మలాగా.

కామమ్మ కుడిచెయ్యి కొంచెం లేచింది. లేచినదాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగపట్టి కుర్చీలో కూచుంది.